క్రిస్మస్ సంబరం: ప్రవచన పఠనం, స్లైడ్లు, గాడిద చెవి

కార్యక్రమ కార్యదర్శి:
అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో శనివారం న్యూజెర్సీలో మన సంఘం జరిపే క్రిస్మస్ సంబరంలో ప్రవచన పఠనానికి 20 నిమిషాలు ఇచ్చారు. భోజనాల బృందం వారు 15 చేయమంటున్నారు. చేయను. బిర్యానీ అయిదు నిమిషాలు ఆగినా చల్లారదు.

కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో 1918 నుంచి నడుస్తున్న తొమ్మిది పాఠాల ఆరాధన పద్ధతినే తీసుకుంటున్నాను. ఒక పాఠం, ఒక పాట. మనకు తొమ్మిది ఎక్కువ, అయిదు చాలు: యెషయా 7, యెషయా 9, మీకా 5, యెషయా 53, చివర లూకా 2. ముగ్గురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు చదువుతారు. వ్యాఖ్యానానికి పాత రాతప్రతి జత చేశాను. లోపాలుంటే ఆదివారంలోగా చెప్పండి.

స్లైడ్లు:
అక్కా, ఒక సందేహం. నిన్న రిహార్సల్లో మనకు కీబోర్డు వాయించే సంగీతం టీచరుగారు స్లైడు చూసి, యెషయా 9:6 కాదు, 9:5 అన్నారు. మీకా 5:2 కూడా ఆవిడ పుస్తకంలో 5:1 అట. ఆవిడ యూదులు కదా, ఇంటి నుంచి హీబ్రూ బైబిలు తెచ్చి మరీ చూపించారు. నేనే తప్పు కొట్టానేమోనని రాత్రి పదకొండింటికి అన్నీ మళ్లీ సరిచూశాను. మన బైబిల్లో ఉన్నట్టే ఉన్నాయి.

కార్యక్రమ కార్యదర్శి:
నీ తప్పు లేదు, ఆవిడ తప్పూ లేదు. హీబ్రూ బైబిల్లో యెషయా 8వ అధ్యాయానికి 23 వచనాలు, మన దాంట్లో 22. మన 9:1 వాళ్లకు 8:23. అక్కడి నుంచి ఆ అధ్యాయమంతా ఒక్కొక్క అంకె వెనక్కు జరుగుతుంది. మీకాలోనూ ఇదే సంగతి. మన అంకె ఉంచి, పక్కన చిన్న అక్షరాల్లో వాళ్ల అంకె వేయి.

రెండో పాఠం తరువాత హాండెల్ ‘మెస్సయ్య’లో ఆ వచనానికే కట్టిన బృందగానం వాయిస్తానని ఆవిడే అన్నారు. 1742లో డబ్లిన్‌లో మొదటిసారి వినిపించిన సంగీతం, మన పాఠశాల హాలులో ఎలక్ట్రిక్ కీబోర్డు మీద! వాయించనివ్వండి.

మాస్టారు:
అమ్మా, అంకెల సంగతి తేలింది. వ్యాఖ్యానం మూడో పేజీ చూశారా? ‘యూదులు తమ లేఖనాలనే అర్థం చేసుకోలేక మెస్సీయను తోసిపుచ్చారు’ అని ఉంది. ఈ వాక్యం మైకులో చదివేటప్పుడు ఆ టీచరుగారు ఆరడుగుల దూరంలో కూర్చుని ఉంటారు.

భోజనాలు:
ఆవిడకు తెలుగు రాదు కదండీ.

మాస్టారు:
కింద ఇంగ్లీషు అనువాదం వేస్తున్నది మనమే కదా బాబూ. ఒకవేళ వేయకపోయినా, అర్థం కాని భాషలో ఎదుటివాళ్లను ఏమైనా అనవచ్చా? పైగా తెలుగే మాతృభాషగా ఉన్న యూదులూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము వారికి సమాజమందిరమే ఉంది.

కార్యక్రమ కార్యదర్శి:
తప్పు నాదే, మాస్టారూ. ఏడేళ్ల నాటి రాతప్రతి, మళ్లీ చదవకుండానే జత చేశాను. ఆ వాక్యం తీసేశాను. అయితే ఒక్క వాక్యం తీసేస్తే సరిపోదు. మొదటి పాఠం వ్యాఖ్యానం మొత్తం మళ్లీ రాయాలి, ఎందుకో చెబుతాను.

యెషయా 7లో జరుగుతున్నది యుద్ధం. క్రీస్తుపూర్వం 735 ప్రాంతం. సిరియా రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి యెరూషలేము మీదికి వచ్చారు. యూదా రాజు ఆహాజు గుండె గాలికి ఊగే చెట్టులా వణుకుతోంది. అప్పుడు ప్రవక్త చెప్పిన గుర్తు: ఒక అమ్మాయి గర్భవతి అవుతుంది, బిడ్డకు ఇమ్మానుయేలు అని పేరు పెడుతుంది, ఆ బిడ్డకు మంచిచెడ్డలు తెలిసేలోపే ఆ ఇద్దరు రాజుల దేశాలు పాడవుతాయి. ఏడు వందల ఏళ్ల తరువాత పుట్టే బిడ్డ మాత్రమే ఆ గుర్తు అయితే, ఆ రోజు ఆహాజుకు దానితో ఏం ధైర్యం? యూదు వ్యాఖ్యాతలు అడిగేది ఇదే. న్యాయమైన ప్రశ్న.

ఇక ఆ అమ్మాయి. హీబ్రూలో ‘అల్మా’ అని ఉంది, అంటే ఈడు వచ్చిన అమ్మాయి. క్రీస్తుకు ముందే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదంలో అది ‘పార్థెనోస్’, కన్య, అయింది. మత్తయి ఆ గ్రీకు పాఠాన్నే అనుసరించి మరియకు అన్వయించాడు. రెండో శతాబ్దంలోనే క్రైస్తవ రచయిత జస్టిన్ ఒక యూదుడితో జరిపినట్టు రాసిన సంవాదంలో ఈ ఒక్క మాట మీద వాదం నడిచింది. మన తెలుగు బైబిలు ‘కన్యక’ అంటుంది. మన భాషలో పెళ్లి కాని పిల్లా కన్యే, పురుషుడినెరుగనిదీ కన్యే. ఆ రెండు భాషల తగవు మన ఒక్క మాటలో ఇమిడిపోయింది.

కాబట్టి కొత్త వ్యాఖ్యానం ఇలా: ‘ఆహాజు కాలంలో ఈ మాటకు ఒక అర్థం ఉంది. మత్తయి అందులో యేసు జననాన్ని చూశాడు. మేము మత్తయితో కలిసి చదువుతున్నాం.’ మన విశ్వాసాన్ని గొంతు తగ్గించి చెప్పాలని కాదు. ఇది మన పఠనం అని చెప్పి చదువుదామనే.

యెషయా 53కు వ్యాఖ్యానమే వద్దు. ‘ప్రవక్త ఎవరిని గురించి చెబుతున్నాడు, తన గురించా, మరొకరి గురించా?’ అని అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు అడిగిన ప్రశ్నను ఒక పిల్లవాడు అడుగుతాడు. ఆ పాఠంలో బాధలు పడే సేవకుడు ఇశ్రాయేలు ప్రజే అని పదకొండో శతాబ్దంలో యూదు వ్యాఖ్యాత రాషి రాశారు, యెషయా 49:3లో సేవకుడికి ఆ పేరే ఉంది కూడా. ఆ ఐతియొపీయుడికి జవాబిచ్చిన ఫిలిప్పు మాత్రం యేసు అని చెప్పాడు. పిల్లవాడి ప్రశ్న తరువాత నేరుగా పాఠం.

దుస్తులు:
నాదొక చిన్న సమస్య. గాడిద తలకు ఒక చెవి ఊడింది. సువార్తల్లో పశువుల పాకలో ఎద్దు, గాడిద ఉన్నాయని ఎక్కడా లేదట కదా, ఈ ఏడాది రెంటినీ తీసేద్దామా? ఇద్దరు పిల్లలకు వేరే వేషాలు ఇవ్వవచ్చు.

మాస్టారు:
లూకాలో పశువుల తొట్టి ఒక్కటే ఉందమ్మా. ఎద్దు, గాడిద వచ్చింది యెషయా 1:3 నుంచి: వాటికి తమ యజమాని తెలుసు, నా ప్రజలకే తెలియదు అని ప్రవక్త వాపోతాడు. అంటే మన పాకలో అన్నిటికంటే పాత ప్రవచనం ఆ అట్ట గాడిదే. ఉంచండి. కానీ ఆ వచనాన్ని పట్టుకుని శతాబ్దాలుగా యూదులను తిట్టినవాళ్లున్నారు. కన్నతల్లి కోపంతో ‘నీకు బుద్ధి లేదు’ అంటుంది. ఆ మాటే పట్టుకుని పక్కింటివాళ్లు ఆ పిల్లవాణ్ని బుద్ధిలేనివాడంటే తల్లి ఊరుకుంటుందా?

దుస్తులు:
సరే మాస్టారూ. చెవి అతికిస్తాను. మంచి జిగురు ఎవరి దగ్గరైనా ఉంటే శుక్రవారం రిహార్సలుకు తీసుకురండి.

భోజనాలు:
జిగురు నేను తెస్తాను. 20 నిమిషాలకు కూడా సరే. పాటలు ఆ సమయం దాటితే మాత్రం మైకు దగ్గరికి నేనే వస్తాను.

స్లైడ్లు:
9:5 వేశాను. టీచరుగారికి పంపితే, ‘మరి మీకా?’ అని జవాబిచ్చారు. అదీ వేస్తున్నాను.