0.025 తేడాతో ఛాంపియన్‌ని తేల్చడం న్యాయమేనా?

ఇండీ నాన్న:
మా అమ్మాయి స్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో మెల్లోఫోన్ అనే ఇత్తడి బాకా వాయిస్తుంది. దాని పుణ్యమా అని నాకూ డ్రమ్ కోర్ పిచ్చి పట్టుకుంది. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఇత్తడి బాకాలు, డ్రమ్ములు, జెండాలూ రైఫిళ్లూ తిప్పే కలర్ గార్డ్, అంతా కలిసి 165 మంది దాకా ఉంటారు. అందరూ ఇరవై రెండు దాటని పిల్లలే. ఫుట్‌బాల్ మైదానంలో ఓ పది పన్నెండు నిమిషాలు వాయిస్తూ, పరుగెడుతూ, బొమ్మలు కడుతూ ప్రదర్శన ఇస్తారు. డ్రమ్ కోర్స్ ఇంటర్నేషనల్, అంటే డీసీఐ వాళ్ల ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో మొదలైంది. 2009 నుంచి ఫైనల్స్ మా ఇండియానాపోలిస్‌లోనే, లూకాస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతున్నాయి.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది 2008 ఫైనల్స్. ఫాంటమ్ రెజిమెంట్ అనే కోర్‌కి 98.125, బ్లూ డెవిల్స్ అనే కోర్‌కి 98.100. స్పార్టకస్ కథతో చేసిన ఫాంటమ్ ప్రదర్శన నాకు ప్రాణం, వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయినా అడుగుతున్నాను: వందలో 0.025 తేడాని పట్టే చెవి, కన్ను ఏ మనిషికైనా ఉంటాయా? 1996లో, 1999లో, 2000లో మార్కులు సమానంగా వస్తే ఇద్దరికీ టైటిల్ ఇచ్చారు. పదో వంతు పాయింటు దాకా తేడా ఉంటే ఉమ్మడి ఛాంపియన్లనే ప్రకటించాలి. నా మాటలో తప్పుందా?

పాత టిక్కు:
తేడా చిన్నదని కాదండీ బాధ. ఆ తేడా దేనికి పడిందో చెప్పగలిగేవాడు లేడు, అదీ బాధ. 1983 దాకా టిక్ పద్ధతి ఉండేది. జడ్జీలు అట్ట, పెన్సిలు పట్టుకుని మైదానంలో పిల్లల మధ్యే తిరిగేవాళ్లు. వరుస వంకరపోయిందా, బాకా పలకాల్సిన చోట పలకలేదా, ఒక గీత. గీతకి పదో వంతు పాయింటు కోత. ఓడిపోయినవాడికి ఎందుకు ఓడాడో తెలిసేది. ఆ 0.025 ఎవరి తప్పు? ఎవరిదీ కాదు. ఆ పద్ధతి మళ్లీ తేవాలని నేను గట్టిగా అంటాను.

బెర్గెన్ బ్యూగిల్:
టిక్ అంత నిఖార్సైనదని నేను ఒప్పుకోను. అంత పెద్ద మైదానంలో జడ్జి ఎక్కడ నిలబడితే అక్కడి తప్పులే కనబడతాయి. అటు చివర నలభై గజాల అవతల తాళం తప్పినవాడు బతికిపోతాడు, ఈయన మోచేతి దగ్గరున్నవాడు బలైపోతాడు. పైగా కష్టమైనది ఎత్తుకుంటే తప్పులొస్తాయి, తప్పులొస్తే కోత. అలాంటప్పుడు ఎవరు సాహసం చేస్తారు? 1984 నుంచి తప్పులు లెక్కపెట్టడం మాని, చేసినదానికి మార్కులు కట్టడం మొదలయ్యాకే ఈ కళ రెక్కలు విప్పింది.

పాత టిక్కు:
రెక్కలు అంతకుముందే విప్పింది. 1983లో, అంటే టిక్ ఉన్న ఆఖరి ఏడాదే, గార్‌ఫీల్డ్ క్యాడెట్స్ గెలిచారు. డ్రిల్, అంటే మైదానంలో ఎవరు ఎప్పుడు ఎటు కదలాలనే పటం, గీసింది జార్జ్ జింగాలి. రెండు పక్కలా అద్దంలో ప్రతిబింబంలా సరితూగే పాత అమరికల్ని పక్కనపెట్టి, మైదానమంతా పారే ఆకారాలు వేశాడు. తర్వాత రెండేళ్లూ వాళ్లే గెలిచారు, వరుసగా మూడు. సాహసం చేసేవాడిని టిక్ ఆపలేదు.

మృదంగం:
ఇక్కడి తెలుగు సంఘం సంగీత పోటీలకి చాలా ఏళ్లుగా జడ్జిగా కూర్చుంటున్నాను, ఆ అనుభవంతో చెప్తున్నాను. మొదటి పిల్ల పాడగానే 95 వేసేస్తే, తర్వాత ఇంకా బాగా పాడేవాళ్లు వస్తే నా దగ్గర ఏం మిగులుతుంది? అందుకే 80 వేసి పైన చోటు మిగుల్చుకుంటాను. రెండో పిల్ల మెరుగైతే 82. ఆ రెండు మార్కులూ కొలత కాదు. "ఈమె ఆమెకన్నా పైన, కానీ మరీ పైన కాదు" అని చెప్పడం, అంతే.

డీసీఐ జడ్జీల మార్కుల షీట్లలోనూ అదే పని. ఇప్పటి లెక్కలో జనరల్ ఎఫెక్ట్‌కి, అంటే చూసేవాళ్ల మీద మొత్తం ప్రదర్శన ప్రభావానికి 40, విజువల్‌కి, అంటే కంటికి కనిపించేదానికి 30, మ్యూజిక్‌కి 30. మ్యూజిక్‌లో బ్రాస్, పర్కషన్, అనాలిసిస్ ఒక్కోటి 20కి వేసి, మొత్తం 60ని సగం చేస్తారు. విజువల్‌కీ అంతే. ప్రతి షీటులోనూ రెండు గడులు: ఏం చేస్తున్నారు, దాన్ని ఎలా చేస్తున్నారు. సగాలు, సగటులు తీసే కొద్దీ దశాంశాలు పుట్టుకొస్తాయి. కాబట్టి 0.025ని ఎవరూ వినలేదు, చూడలేదు. ఒకరు బ్రాస్‌లో వీళ్లు మేలన్నారు, ఇంకొకరు గార్డ్‌లో వాళ్లు మేలన్నారు. ఆ మాటలన్నీ కూడితే ముల్లు ఇటు వాలింది.

ఇక ఉమ్మడి టైటిల్ సంగతి. 0.1 దాకా సమానం అంటారు. రేపు 0.125 తేడాతో ఒకరు ఓడితే ఇదే గొడవ అక్కడ మొదలవుతుంది. గీత జరుగుతుంది, తగవు తీరదు.

కలర్‌గార్డ్ అమ్మ:
మీరంతా దశాంశాల దగ్గరే ఆగిపోయారు. నాకు అసలు భయం ఆ 40 పాయింట్ల జనరల్ ఎఫెక్ట్ మీద. చూసేవాళ్లలో కలిగే స్పందనకి మార్కులు. ఎవరిలో కలిగే స్పందన?

1993 చూడండి. క్యాడెట్స్‌కి 97.4, స్టార్ ఆఫ్ ఇండియానాకి 97.3. స్టార్ వాళ్లు ఆ ఏడు బార్బర్, బార్టోక్ అనే ఆధునిక స్వరకర్తల సంగీతం ఎత్తుకున్నారు. కరుకైన స్వరాలు, అలవాటు లేని కదలికలు. జనంలో కొందరు వెక్కిరింపు కూతలు పెట్టారు. ఆ సీజన్‌తో స్టార్ పోటీల నుంచే తప్పుకుంది, ఆ దారి చివరికి బ్రాడ్‌వే దాకా వెళ్లి 2001లో నాటకరంగానికి ఇచ్చే టోనీ అవార్డు తెచ్చింది. ఇవాళ మైదానంలో పిల్లలు ఒళ్లంతా విరిచి కదులుతుంటే నాకు ఆ 1993 స్టారే కనిపిస్తుంది. ఆ రాత్రి క్యాడెట్స్ తక్కువ చేశారని నేను అనను, వాళ్లూ అద్భుతమే. కానీ కొత్తదాన్ని జీర్ణించుకోవడానికి జనానికి ఏళ్లు పట్టింది, జడ్జికి మాత్రం పన్నెండు నిమిషాలే ఇచ్చారు. ఆ పన్నెండు నిమిషాల మీద 40 పాయింట్లు చాలా ఎక్కువ. 30కి దించండి, ఆ పది మ్యూజిక్‌కి ఇవ్వండి.

మావాడు రెండు వేసవులు ఒక కోర్‌లో గార్డ్ చేశాడు. రాత్రంతా బస్సు, తెల్లారి ఏదో ఊరి స్కూల్ జిమ్ నేల మీద నిద్ర, మధ్యాహ్నం ఎండలో ప్రాక్టీసు. ఆ పిల్లల్ని అడగండి, ఉమ్మడి టైటిల్ వద్దంటారు. గెలుపో ఓటమో తేలాలంటారు.

బెర్గెన్ బ్యూగిల్:
అమ్మా, ఎఫెక్ట్ తగ్గిస్తే మళ్లీ టిక్ కాలానికే వెళ్తాం. తప్పు లేకుండా వాయించి, మనసుని తాకకుండా వెళ్లిపోయే ప్రదర్శన గెలుస్తుంది. స్టార్‌కి అన్యాయం జరిగిందనుకుంటే, మందు ఎఫెక్ట్ జడ్జీల సంఖ్య పెంచడమే.

ఇండీ నాన్న:
మృదంగం గారూ, గీత గురించి మీరన్నది నిజం. ఉమ్మడి టైటిల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకోటి అడుగుతాను. ఛాంపియన్‌షిప్ వారంలో ప్రిలిమ్స్, సెమీస్, ఫైనల్స్ మూడు రాత్రులు. ఈ మధ్య ఏళ్లలో బ్రాస్‌కి ఇచ్చే జిమ్ ఆట్ అవార్డు, పర్కషన్‌కి ఇచ్చే ఫ్రెడ్ శాన్‌ఫర్డ్ అవార్డు ఆ మూడు రాత్రుల సగటు మీదే తేలుస్తున్నారు. టైటిల్ మాత్రం శనివారం ఒక్క రాత్రి మీద. డ్రమ్ముల వరుసకి పనికొచ్చిన న్యాయం మొత్తం కోర్‌కి ఎందుకు పనికిరాదు?

మృదంగం:
మూడుతో భాగిస్తే 0.008 తేడాలు వస్తాయి బాబూ. మీకు మళ్లీ నిద్ర పట్టదు.

ఇండీ నాన్న:
రానివ్వండి. ఆ 0.008 వెనక మూడు రాత్రుల జడ్జీలందరి చెవులూ ఉంటాయి, పిల్లలు మూడుసార్లు చేసింది ఉంటుంది. దానితో ఓడిన పిల్లకి నేను ఏదో ఒకటి చెప్పగలను. 2008 బ్లూ డెవిల్స్ పిల్లలకి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తోచదు.