ప్రమోషన్ వచ్చింది, ఇల్లు పూర్తయింది... ఇక దేని కోసం బతకాలి?

ప్రశ్న:

అందరికీ వందనాలు. నాకు 38 ఏళ్లు. సంఘంలోనే పెరిగాను, ఇప్పుడు అకౌంట్స్ ఉద్యోగం. కోరుకున్న ప్రమోషన్ వచ్చింది, ఇల్లు కూడా పూర్తయింది. అయినా రాత్రి లైటు తీసేశాక "ఇంతేనా?" అనిపిస్తోంది. పాస్టర్ గారిని అడిగితే "నీ పట్ల దేవుని ప్రణాళిక ఏమిటో ప్రార్థనలో కనిపెట్టు" అన్నారు. కనిపెడుతూనే ఉన్నాను, ఏ పిలుపూ వినిపించడం లేదు. నా తోటివాళ్లలో కొందరు ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్లారు. వాళ్లను చూస్తే నా జీవితం వృథా అయిపోతోందేమోనని టెన్షన్. చివరిదాకా నిలిచే ఉద్దేశం నిజంగా దొరుకుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మొదటి జవాబు:

బ్రదర్, బైబిల్లో ప్రసంగి గ్రంథం 2వ అధ్యాయం చదవండి. ఇళ్లు, ద్రాక్షతోటలు, చెరువులు, వెండి బంగారాలు, అన్నీ సంపాదించాక ఆ గ్రంథంలోని ప్రసంగి చెప్పిన మాటా మీ మాటలాంటిదే. 1647లో తయారైన వెస్ట్‌మినిస్టర్ ప్రశ్నోత్తరాల్లో (క్రైస్తవ విశ్వాసాన్ని నేర్పే పుస్తకం) మొదటి ప్రశ్న కూడా మీదే: మనిషి ముఖ్య ఉద్దేశం ఏమిటి? దేవుని మహిమపరచడం, ఆయనలో నిత్యం ఆనందించడం అని జవాబు. అందులో ఏ ఉద్యోగం పేరూ లేదు చూడండి.

ఇంకొకటి. నిద్ర సరిగ్గా పడుతోందా? బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దేవుడు వెంటనే పని అప్పగించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రెండుసార్లు తిండి పెట్టించాడు. అభిషేకించమని ముగ్గురి పేర్లు చెప్పింది ఆ తర్వాతే. వారాల తరబడి నిద్ర లేకపోతే డాక్టర్‌ని కూడా కలవండి.

రెండో జవాబు:

తమ్ముడూ, నా సంగతి చెప్తాను. చాలా ఏళ్లు మా సంఘంలో పాటలు నడిపించాను. దేవుడు నన్ను పుట్టించింది ఇందుకేనని గట్టిగా నమ్మాను. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు బొంగురుపోయింది, పై స్వరం మళ్లీ రాలేదు. మైకు వేరే అమ్మాయి చేతికి వెళ్లింది. ఆ పిల్ల బాగా పాడుతుంది, అది ఇంకా బాధ. ఇక నేను దేనికి అని ఏడ్చాను.

అప్పుడు నన్ను పట్టుకున్న భాగం యోహాను సువార్త 21వ అధ్యాయం. "నా గొర్రెలను మేపుము" అన్న మాట అందరికీ గుర్తుంటుంది. దాని వెంటనే యేసు తన శిష్యుడు పేతురుతో ఏం చెప్పాడో చూడండి. నువ్వు ముసలివాడివయ్యాక చేతులు చాపుతావు, వేరొకడు నీ నడుము కట్టి నీకు ఇష్టం లేని చోటికి మోసుకుపోతాడు అన్నాడు. పేతురు ప్రసంగించలేని, నడవలేని రోజు గురించి చెప్పి, అప్పుడు "నన్ను వెంబడించుము" అన్నాడు. చేతులు కట్టేసినా చెల్లే పిలుపు అది. గొర్రెల్ని మేపే పని ఒకరోజు ఆగిపోవచ్చు, వెంబడించడం ఆగదు. పేతురు అక్కడ కూడా వెనక్కి తిరిగి యోహానును చూసి, మరి ఇతని సంగతేమిటి అన్నాడు. "అది నీకేమి?" అన్నాడు ప్రభువు. సేవకు వెళ్లిన మీ తోటివాళ్ల విషయంలో నేను చెప్పేదీ అదే.

ఇప్పుడు నేను వెనక వరసలో, చూపు తగ్గిన ఒక అమ్మమ్మ పక్కన కూర్చుంటాను. ప్రతి చరణం మొదలయ్యే ముందు మొదటి రెండు మాటలు ఆవిడ చెవిలో చెప్తాను, మిగతాది ఆవిడే పాడుకుంటుంది. బొంగురు గొంతు దీనికి సరిపోతుంది. మైకు దగ్గర ఎవరి కోసం పాడానో, ఇదీ ఆయన కోసమే.

ప్రశ్న అడిగిన వ్యక్తి:

అక్కా, చదువుతుంటే కళ్లు తడిశాయి. కానీ మీది సంఘంలో పని. నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా లెక్కలు సరిచూస్తాను. అందులో నిలిచేది ఏముంది?

రెండో జవాబు ఇచ్చిన సిస్టర్:

ఏది చేసినా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమని కొలొస్సయుల పత్రిక 3వ అధ్యాయంలో ఉంది కదా, ఆ మాట పౌలు రాసింది పాస్టర్లకు కాదు, బానిసలకు. పని ఎంచుకునే స్వేచ్ఛే లేనివాళ్లకు, మీకు స్వాస్థ్యం, అంటే దేవుని దగ్గర వారసత్వం, దొరుకుతుందని చెప్పాడు. పేదలకు సాయం చేసిన శిష్యురాలు దొర్కా చనిపోయినప్పుడు విధవరాళ్లు పేతురుకు చూపించింది ఆమె కుట్టిన అంగీలే. పౌలు 1 కొరింథీయులు 15లో పునరుత్థానం గురించి అంత పొడుగున రాసి, చివరికి మీ ప్రయాస ప్రభువులో వ్యర్థం కాదని ముగించాడు. క్రీస్తు లేచాడు కాబట్టే మన పని కూడా సమాధితో పోదు. నేను దీని మీదే ఆనుకుని ఉన్నాను.

మీ లెక్కల్లో ఒక తప్పు అంకె వల్ల ఎవరి జీతమో ఆగుతుంది, అవునా? ఆ మనిషిని తలుచుకుని సరిచూడండి. కింద పనిచేసే వాళ్లలో భయపడుతూ తప్పులు దాచేవాళ్లు ఎవరైనా ఉంటే, పక్కన కూర్చుని నేర్పండి. ఆఫీసుకు వెళ్లేముందు "ప్రభువా, ఈ రోజు నీది" అని చెప్పి వెళ్లండి. సేవకు పిలుపు ఉంటే అది ఇక్కడినుంచే తెలుస్తుంది. ఉద్యోగం మానేసే నిర్ణయం మాత్రం ఈ టెన్షన్‌లో తీసుకోకండి. ప్రార్థనలో పెట్టుకుంటాను, ఒక నెల పోయాక ఎలా ఉందో ఇక్కడే రాయండి.