‘మేహం’ అంటే ఏం రోగం?

గ్రూపులో పెద్దలకు ఒక ప్రశ్న. నేను నల్లగొండ వైపు ఒక ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్‌ఐవీ ఉన్నోళ్లకు మందులిచ్చే కాడ, కౌన్సెలర్‌ని. పోయిన నెల దేవరకొండ దిక్కు నుంచి వచ్చే ఒకామెకు రక్తపరీక్షలో షుగర్ బయటపడ్డది. తెలుగులో రాద్దామన్న తాపత్రయంతోని చీటీ మీద ‘మధుమేహం’ అని రాసిన. ఆమె కూడబలుక్కుని చదివి బెంచీ మీద కూలబడ్డది. “15 ఏండ్ల సంది మందులు ఒక్క పూట ఇడువలే సారూ. మళ్ల గీ మేహం ఎట్లొచ్చె? నేనేడ తిరిగిన?”
మధుమేహం అంటే షుగరే కదా, ఆమె ఎందుకట్ల అన్నది?

పాలమూరు మాస్టారు: ఆమె తప్పేం లేదు తమ్మీ. మా నాయనమ్మ నోట మేహమంటే సుఖవ్యాధే. సెగ, సవాయి, మేహం, మూడూ గొంతు తగ్గించి చెప్పే మాటలు. సంస్కృతంలో ‘మిహ్’ ధాతువుకు మూత్రం పోయడమని అర్థం. ఆయుర్వేదం లెక్కలో ప్రమేహాలు 20: కఫానివి 10, పిత్తానివి 6, వాతానివి 4. మధుమేహం ఆ చివరి నాలుగింట్లోది. మూత్రం తేనెలెక్క తియ్యగుంటదని ఆ పేరు. మూత్రం దారిలో వచ్చేవన్నీ ఒకే గంపలో పడి, జనం నోట్లో మేహం సుఖవ్యాధిగా మిగిలిందని నా అనుమానం.

మిర్యాలగూడ సిస్టర్: అన్నా, ‘చక్కెర బీమారి’ అని రాస్తే అయిపోయేది. బీమారి ఫారసీ మాటే కానీ, మధుమేహం కన్నా అదే మనది.

నిజమే సిస్టర్. తిరుగుడుకూ దీనికీ సంబంధం లేదని చెప్పిన. వయసు, బరువు, ఇంట్ల షుగర్ ఉండుడు ఒక ఎత్తు. స్టావుడిన్, జిడోవుడిన్ లాంటి హెచ్‌ఐవీ పాత మందులు ఏండ్ల తరబడి మింగినోళ్లకు ఇన్సులిన్ సరిగ పనిచేయకపోవుడు ఇంకో ఎత్తు.

ఇంకో మాట గమ్మత్తు. మా దగ్గరికి వచ్చేటోళ్లు ఏఆర్‌టీని ‘మందులు’ అంటరు, షుగర్‌వి ‘గోలీలు’. బయటి డాక్టర్ “ఏం గోలీలు వాడుతున్నవమ్మా” అంటే “షుగర్ గోలీలే” అంటరు. అబద్ధమాడినట్టూ కాదు, చెప్పినట్టూ కాదు. కానీ ఇప్పటి హెచ్‌ఐవీ మందు టీఎల్‌డీలో ఉండే డోలుటెగ్రవిర్, షుగర్ గోలీ అయిన మెట్‌ఫార్మిన్‌ను రక్తంలో పెంచుతది, రెండూ కలిస్తే మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనియ్యరు. ఆ డాక్టర్‌కు తెల్వకుంటే ఎట్ల?

ఇయ్యాల ఆమె మళ్ల వచ్చింది. పాత మాట కొట్టేసి ‘చక్కెర బీమారి’ అని రాసిచ్చిన. చూసి, “గట్ల జెప్పరాదు సారూ, గిది మా అన్నకు గూడ ఉన్నది” అన్నది, పక్క బెంచీలోళ్లకు ఇనవడేటట్టే.