డబ్ల్యూడీజీ-5 భీమ్‌ని ఫొటో తీయాలంటే ఎక్కడ కాపు కాయాలి?

పట్టాలపిచ్చి:
అన్నలూ, గూడ్స్ బళ్లు లాగే డీజిల్ ఇంజన్లలో డబ్ల్యూడీజీ-4లు ఫోన్ నిండా ఉన్నాయి, పాత రకం డబ్ల్యూడీజీ-3ఏ ఆల్కోలు నల్లటి పొగతో సహా దొరికాయి గానీ ఈ 5 మాత్రం ఒక్కటీ చిక్కట్లేదు. 5500 హార్స్‌పవర్, 2012లో వారణాసి డీజిల్ ఇంజన్ల ఫ్యాక్టరీ డీఎల్‌డబ్ల్యూలో మొదలెట్టి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చేసి ఆపేశారు. గూడ్స్‌కి టైంటేబుల్ ఉండదు, బండి ఎక్కడుందో చూపించే రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్‌లో చూద్దామంటే ప్యాసింజర్ బళ్లే కనబడతాయి. అసలు దూరం నుంచి 4కీ 5కీ తేడా ఎలా పోల్చుకుంటారు? లెన్స్ 70-300 ఉంది.

లూప్‌లైన్:
ఆకారం చూస్తూ కూర్చోకు తమ్ముడూ, నంబర్ చూడు. 50తో మొదలయ్యే ఐదంకెలుంటే అదే. 4 అయితే 12 వేలో 70 వేలో ఉంటుంది. కొందరు డబ్ల్యూడీజీ-6జీని చూసి భీమ్ అని పోస్ట్ చేస్తుంటారు, అది జీఈ అనే అమెరికా కంపెనీ వాళ్లది, 6000 హార్స్‌పవర్, నంబర్ 69తో మొదలవుతుంది.
ఇక చోటు సంగతి. కర్వ్‌లూ బ్రిడ్జిలూ అంటూ తిరక్కు, లూప్ లైన్ (మెయిన్ లైన్ పక్కన బళ్లు ఆపే లైన్) ఉన్న చిన్న స్టేషన్ పట్టుకో, వెనకాల ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే గూడ్స్‌ని లూప్‌లోకి తోసి ఆపేస్తారు, అది దాటెళ్లేదాకా బండి కదలదు, ప్లాట్‌ఫాం మీద నుంచే తీరిగ్గా తీసుకోవచ్చు. అంటే నువ్వు చూడాల్సింది గూడ్స్ టైం కాదు, ఎక్స్‌ప్రెస్ టైం, అది ఎన్‌టీఈఎస్‌లో ఉంటుంది కదా. ఎలక్ట్రిఫికేషన్ అయిపోయిన లైన్లలో మాత్రం డీజిల్ కోసం ఆశ తగ్గించుకో.

ఎండమావి:
సౌండ్ బట్టి చెప్పేస్తాం అనేవాళ్లని నమ్మొద్దు. 4లో 16 సిలిండర్లు, 5లో 20, కానీ రెండూ ఈఎండీ కంపెనీ 710 రకం టూ స్ట్రోకే, ఆల్కోకీ వీటికీ అయితే చెవులు మూసుకున్నా తేడా తెలుస్తుంది గానీ వీటిల్లో వీటికి కష్టం.
లెన్స్ 300 దాకా జూమ్ చేసి మిట్టమధ్యాహ్నం తీయకండి, పట్టాల మీద వేడికి గాలి అలలు కొట్టి నంబరే చెదిరిపోతుంది, ఎంత మంచి లెన్సైనా అంతే. పొద్దున్నే వెళ్లి సూర్యుణ్ణి వీపు వైపు పెట్టుకోండి. కదిలే బండికి షట్టర్ 1/1000 తగ్గనివ్వద్దు, హెడ్‌లైట్ వెలుగుతుంటే ఎక్స్‌పోజర్ కొంచెం దించండి, లేకపోతే ముందు నంబర్ తెల్లగా మాయమైపోద్ది. ఎదురుగా ఒకటి తీసాక పక్కకి తిరిగి క్యాబ్ కింద నంబర్ కూడా కొట్టండి, రుజువు ఉంటుంది.

లూప్‌లైన్:
ఇంకోటి, ఫ్రేమ్ కోసం పట్టాల మీదకి దిగొద్దు. రైల్వే యాక్ట్ సెక్షన్ 147, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి దాకా ఫైన్, రెండూ కూడా వేయొచ్చు. ఆర్పీఎఫ్ వాళ్లు అడిగితే వాదన పెట్టుకోకుండా ఫొటోలు చూపించెయ్.

పట్టాలపిచ్చి:
ఎక్స్‌ప్రెస్ టైం చూడాలన్న సంగతి అసలు తట్టలేదన్నా, థ్యాంక్స్. ఒక డౌటు, వేరే ఇంజన్ వెనకాల డెడ్‌గా, అంటే ఆపేసి ఉన్నదాన్ని, లాక్కెళ్తుంటే దొరికినా లెక్కలోకి వస్తుందా?

ఎండమావి:
నంబర్ కనపడితే వస్తుంది. పైగా హెడ్‌లైట్ గోల కూడా ఉండదు.