బఫెలో వాళ్ళ మాట నాకెందుకు అందట్లేదు? ఈరీ నుంచి 90 మైళ్ళేగా!

స్వాతి (ఈరీ, పెన్సిల్వేనియా):

అందరికీ నమస్తే. ఈరీలోనే ఎమ్మెస్ చేసి, ఇప్పుడు ఇక్కడే ఒక మెడికల్ బిల్లింగ్ ఆఫీసులో ఫోన్ల దగ్గర పనిచేస్తున్నాను. మాకు కాల్స్ మూడు వైపుల నుంచి వస్తాయి: పిట్స్‌బర్గ్, క్లీవ్‌లాండ్, బఫెలో. ఏ ఊరైనా ఇక్కడి నుంచి కారులో రెండు గంటల లోపు లేదా కాస్త అటూ ఇటూ.

పిట్స్‌బర్గ్ వాళ్ళు కొత్త మాటలు వాడతారు కానీ నెట్టుకొస్తున్నాను. బఫెలో వాళ్ళతోనే చిక్కు. పోయిన వారం ఒకాయన పేరు 'డ్యాన్' అన్నారు. వెతికితే ఆ పేరుతో ఖాతా లేదు. మళ్ళీ అడిగాను, మళ్ళీ డ్యాన్ అనే వినిపించింది. మూడోసారి ఆయన విసుక్కుని, ఒక్కో అక్షరం చెప్పారు: డి, ఓ, ఎన్. డాన్! తర్వాత మా సూపర్‌వైజర్‌ని పిలవమన్నారు. అప్పటి నుంచి 716తో మొదలయ్యే బఫెలో నంబర్ కనిపిస్తే చాలు, టెన్షన్.

మన దగ్గర జిల్లా మారితే యాస మారడం తెలుసు. ఇక్కడ తెల్లవాళ్ళందరూ టీవీలో మాట్లాడినట్టే మాట్లాడతారనుకున్నాను. ఒకే సరస్సు ఒడ్డు, ఒకే ఐ-90 రోడ్డు. ఇంత తేడా ఎందుకుంది? నా చెవిని ఎలా అలవాటు చేసుకోవాలి?

కిరణ్ (డాలస్):

కొన్నాళ్ళకి అదే అలవాటవుతుంది సిస్టర్. ఇప్పటి పిల్లలందరూ ఒకేలా మాట్లాడుతున్నారు, యాసలు ఎక్కడున్నాయి?

రఘు (ఈరీ, 17 ఏళ్ళుగా):

స్వాతి గారూ, ముందుగా ఒక మాట. తప్పు మీ చెవిది కాదు. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ మిషన్లు బాగుచేయడం నా పని. మీరు చెప్పిన మూడు ఊళ్ళకీ వారం వారం వ్యాన్ వేసుకుని వెళ్తాను. బఫెలోలో నర్సు 'హ్యాట్ ప్యాక్' అంటే టోపీ గురించి కాదు, వేడి కాపడం పెట్టే హాట్ ప్యాక్ గురించి.

అక్కడ జరిగింది ఒక రకంగా కుర్చీలాట. క్యాట్ అనే మాటలోని అచ్చు పైకి లేచి 'కియట్' లాంటి చోటికి వెళ్ళింది. ఆ ఖాళీ కుర్చీలోకి హాట్, డాన్‌లలోని అచ్చు వచ్చి కూర్చుంది. అందుకే హాట్ మనకి హ్యాట్‌లా, డాన్ డ్యాన్‌లా వినిపిస్తాయి. బస్ కూడా బాస్ వైపు జరిగింది. రోచెస్టర్, క్లీవ్‌లాండ్, డిట్రాయిట్, షికాగో దాకా ఇదే వరస. భాషా శాస్త్రవేత్త విలియం లబావ్, ఆయన తోటివాళ్ళు దీనికి ఉత్తర నగరాల అచ్చుల మార్పు అని పేరు పెట్టారు.

పిట్స్‌బర్గ్‌ది పూర్తిగా వేరే కథ. అక్కడ డౌన్‌టౌన్ 'డాన్‌టాన్' అవుతుంది. ఒకసారి మిషన్ కింద నీళ్ళు కారుతుంటే, పెద్దావిడ ఒకరు 'టాల్' తెమ్మన్నారు. ఆవిడ అడిగింది టవల్. 'యిన్జ్' అంటే మీరంతా. కారు కడగాలంటే 'కార్ నీడ్స్ వాష్డ్' అంటారు, మధ్యలో 'టు బీ' ఉండదు. అది వ్యాకరణం రాక అనే మాట కాదు. స్కాట్లండ్ నుంచి ఉత్తర ఐర్లండ్‌కి, అక్కడి నుంచి పెన్సిల్వేనియాకి వచ్చి స్థిరపడిన కుటుంబాల నుంచి దిగివచ్చిన వాడుక. నాకు ఆ మాటంటే ఇష్టం.

ఇక మీ ప్రశ్నలో అసలు కీలకం డాన్ అనే పేరే. ఇంగ్లిష్‌లో 'డాన్' అని పలికే పేర్లు రెండున్నాయి. ఒకటి డొనాల్డ్‌కి పొట్టి పేరు, మగవాళ్ళది. రెండోది ఉదయం అనే అర్థం వచ్చే ఆడవాళ్ళ పేరు. తెలుగులో రాస్తే రెండూ డాన్ అనే రాస్తాం, పలకడమూ అంతే. పిట్స్‌బర్గ్‌లోనూ, మన ఈరీలోనూ ఈ రెండూ ఒకేలా పలుకుతారు. మంచానికి వాడే కాట్, పట్టుకున్నాడనే కాట్ కూడా అంతే. అందుకే ఇక్కడి మాట మన చెవికి తేలిగ్గా ఎక్కుతుంది. బఫెలోలో మాత్రం అవి రెండు వేర్వేరు అచ్చులు, వాళ్ళు వాటిని కలపరు.

ఈరీ మొదటి నుంచీ ఇలా లేదండీ. అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్ నుంచి జనం న్యూయార్క్ రాష్ట్రం మీదుగా ఈ సరస్సు ఒడ్డులకి వచ్చి స్థిరపడ్డారు. 1825లో ఈరీ కాలువ తెరిచాక ఆ వలస ఇంకా పెరిగింది. ఈరీ కూడా ఆ దారిలోదే. 1949లో హాన్స్ క్యురాత్ అనే భాషా శాస్త్రవేత్త గీసిన యాసల పటంలో ఈరీ ఉత్తరపు యాసల వైపే ఉంది. తర్వాత ఈ ఒక్క ఊరు దక్షిణానికి, పిట్స్‌బర్గ్ వైపు తిరిగింది. అటు బఫెలో, ఇటు క్లీవ్‌లాండ్ ఒకే పాట పాడుతుంటే మధ్యలో ఉన్న మనం మాత్రం వేరే పాట. కీలన్ ఎవనీని 2009లో పూర్తి చేసిన పరిశోధన అచ్చంగా ఈ విషయం మీదే. పిట్స్‌బర్గ్‌దీ మనదీ ఒకే రాష్ట్రం కదా, పైగా ఎండాకాలంలో మన ఊరి ప్రెస్క్ ఐల్ బీచ్‌లో సగం జనం పిట్స్‌బర్గ్ వైపు వాళ్ళే. ఈ రాకపోకలే కారణమంటే నాకు నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది.

ఒక ఆదివారం ఐ-90 వదిలి రూట్ 20 మీద తూర్పుకి వెళ్ళండి. నార్త్ ఈస్ట్ అనే ఊరు వస్తుంది, అది ఇంకా పెన్సిల్వేనియానే. అక్కడి నుంచి ఏడెనిమిది మైళ్ళు వెళ్తే రిప్లీ, అది న్యూయార్క్. రెండు వైపులా అవే ద్రాక్ష తోటలు, అదే మంచు. రాష్ట్రం గీత దాటాక పెట్రోల్ బంకులో పెద్దవాళ్ళ మాట వినండి, మీకే తెలుస్తుంది.

కిరణ్ గారూ, పిల్లల సంగతి మీరన్నది కొంత నిజం. సిరక్యూస్, లాన్సింగ్ లాంటి చోట్ల కుర్రవాళ్ళు ఈ మార్పు నుంచి వెనక్కి వస్తున్నారు. కానీ స్వాతి గారికి బిల్లుల గురించి ఫోన్ చేసేది అరవై దాటినవాళ్ళు. వాళ్ళ దగ్గర యాస గట్టిగానే ఉంది.

పని దగ్గర మాత్రం పేరుతో మొదలుపెట్టకండి. ఖాతా నంబరు, పుట్టిన తేదీ ముందు అడగండి. 716 నుంచి వచ్చిన డ్యాన్‌ని 'ఏ తోనా, ఓ తోనా?' అని అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

లక్ష్మి (ఫిలడెల్ఫియా దగ్గర, నర్సు):

మా వైపు వాటర్‌ని 'వుడర్' అంటారమ్మా. ఇంకో వింత చెప్తాను. మ్యాడ్, బ్యాడ్, గ్లాడ్ ఈ మూడింటినీ సాగదీసి ఒకలా పలుకుతారు, శాడ్ మాత్రం వేరేగా. ఎందుకని మా పేషెంటు ఒకావిడని అడిగితే, తేడా ఉందనే ఆవిడకి తెలియదు. డ్యూటీలో నాకు ఉపయోగపడింది ఒకటే, విన్నది తిరిగి చెప్పడం: "మీకు నీళ్ళు కావాలన్నారు, అవునా?" అని.

స్వాతి:

రఘు గారూ, లక్ష్మి గారూ, చాలా థాంక్స్. ఇవాళ మధ్యాహ్నం బ్రేక్‌లో ఒక పని చేశాను. ఆ రెండు పేర్లూ కాగితం మీద రాసి, పక్క సీటు ఆవిడని చదవమన్నాను. పుట్టి పెరిగింది ఈరీలోనే. రెండూ ఒకేలా చదివింది. తేడా ఏమైనా ఉందా అంటే, "ఉండాలా?" అంది. తర్వాత బఫెలోలో పెరిగిన మా సూపర్‌వైజర్‌ చేత చదివించాను. మొదటిది నాకు డ్యాన్ అని వినిపించింది, రెండోది మన డాన్. ఆ రోజు ఫోన్‌లో విన్నదీ అచ్చంగా అదే. ఆయనకి సంగతంతా చెప్పాను. రేపటి నుంచి మా స్క్రీన్‌లో పేరు కంటే ముందు పుట్టిన తేదీ అడిగేలా మారుస్తానన్నారు.

ఆదివారం రిప్లీ వెళ్తున్నాను.