ఎర్త్ కండక్టర్ 175 స్క్వేర్ (చదరపు మి.మీ.) రాగి వస్తోంది, ఎక్కడ తప్పాను?

గుంటూరు ఫిట్టర్: అన్నలూ, మధ్యాహ్నం రెండింటి నుంచి ఇదే లెక్కతో కొట్టుకుంటున్నా. ఐ స్క్వేర్ టీకి రూట్ కట్టి కె తో భాగించే ఫార్ములానే వేశా. ఫేజు బాడీకి తగిలితే పారే ఫాల్టు కరెంటు (ఐ) 25 కేఏ, అంటే 25 వేల ఆంప్స్; అది ఆగేదాకా టైము (టీ) 1 సెకను; తీగ రకాన్ని బట్టి మారే కె 143. ఎన్నిసార్లు వేసినా 175 స్క్వేర్ వస్తోంది! మోటారుకి పోయే కేబులేమో మూడున్నర కోర్ (మూడు ఫేజు తీగలు, న్యూట్రల్‌కి ఒక సన్న తీగ) 70 స్క్వేర్ అల్యూమినియం. ఫేజు కంటే ఎర్తు లావుంటుందా ఎక్కడన్నా? ఓనరు "మోటారు పెట్టమన్నానా, రాగి గని తవ్వమన్నానా" అంటున్నాడు. ఎల్లుండే ఇన్‌స్పెక్షన్.

హెచ్‌టీ ఆపరేటర్: 25 కేఏ ఎక్కడిది?

గుంటూరు ఫిట్టర్: ఎంసీసీబీ బ్రేకరు మీద రాసుంది కదన్నా.

హెచ్‌టీ ఆపరేటర్: అది బ్రేకరు తట్టుకునేది. నీ దగ్గర వచ్చేది కాదు.

ఉప్పూ బొగ్గూ: అసలు ఈ రూట్లు, స్క్వేర్లు ఎందుకు బాబూ. గుంతలో నీళ్లు పోస్తున్నారా లేదా, అది చెప్పండి ముందు. ఏప్రిల్ వచ్చేసరికి గుంత నెర్రెలు బారుతుంది, మూత తీసి చూసే నాథుడుండడు. ఇప్పుడేమో కెమికల్ ఎర్తింగ్ అని సంచులు అమ్ముకుంటున్నారు. జీఐ (జింకు పూత ఇనుము) పైపు, ఉప్పు, బొగ్గు, వారానికి రెండు బిందెలు. అంతే ఎర్తింగంటే.

లెక్కల పంతులు: పెద్దాయనా, మీరు చెప్పేది గుంత. ఈ అబ్బాయి అడిగేది మోటారు బాడీ నుంచి ప్యానెల్ దాకా వచ్చే వైరు. రెంటినీ ఎర్తనే పిలుచుకుని ఊరంతా తికమకపడుతున్నాం. తమ్ముడూ, ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిది? ఎంత? దూరం ఎంత? నిజంగా రాగే వేస్తున్నావా?

గుంటూరు ఫిట్టర్: చెప్పలేదా? మిర్చి కోల్డ్ స్టోరేజీ అన్నా. ట్రాన్స్‌ఫార్మర్ మాదే, 250 కేవీఏ. కంప్రెసర్ 45 కిలోవాట్, ఎంసీసీబీ 125 ఆంప్స్, ప్యానెల్ నుంచి 60 మీటర్లు. రాగి కాదు, జీఐ పట్టీ 25×3 వచ్చి పడుంది.

డల్లాస్ బాబాయ్: మేం గ్రౌండ్ అంటాం, ఎర్త్ అనం. ఇక్కడ లెక్కే లేదు. అమెరికా వైరింగ్ కోడ్ ఎన్‌ఈసీలో 250.122 టేబుల్ తీయడం, 125 ఆంప్స్ బ్రేకరుకి 6 గేజి రాగి లాగడం. అంటే 13 స్క్వేర్ చిల్లర.

హెచ్‌టీ ఆపరేటర్: గుంటూరులో ఐఎస్ 3043, మన దేశపు ఎర్తింగ్ స్టాండర్డ్.

డల్లాస్ బాబాయ్: ఫిజిక్స్ ఒకటే కదండీ.

లెక్కల పంతులు: ఫిజిక్స్ ఒకటే, కె ఒకటి కాదు. 143 అనేది పీవీసీ తొడుగున్న విడి రాగి తీగది. ఐఎస్ 3043లో బేర్ జీఐకి 1 సెకనుకు 80. అదీ పట్టీ 500 డిగ్రీల దాకా వేడెక్కినా పక్కన అంటుకునేదేదీ లేకపోతేనే. పఫ్ ప్యానెల్‌నో (కోల్డ్ స్టోరేజీ ఫోమ్ గోడ) గోతాలనో ఆనించి లాగావా, ఈ 80 నీకు చెల్లదు.

ఇక ఫాల్ట్ కరెంటు. 250 కేవీఏ, 433 వోల్టులు, ఫుల్ లోడ్ 333 ఆంప్స్. ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్ (కరెంటుకి లోపలి అడ్డు) నేమ్‌ప్లేట్ మీద చూసుకో; 4.5 శాతమైతే 333ని 0.045తో భాగించు, 7.4 కేఏ. ప్యానెల్ పక్కనే ఫాల్టయినా అంతకు మించదు. ఆ కరెంటుకి ఎంసీసీబీ మ్యాగ్నెటిక్‌లో, అంటే పెద్ద కరెంటుకి వెంటనే, పడుతుంది, 0.1 సెకను వేసుకున్నా ఎక్కువే. 0.1కి రూట్ 0.316; 7400 × 0.316 ÷ 80 = 29 స్క్వేర్. నీ పట్టీ 75. కాలదు.

గుంటూరు ఫిట్టర్: అమ్మయ్య. అయితే అదే బిగించేస్తా.

లెక్కల పంతులు: ఆగు. కాలకపోతే సరిపోదు, బ్రేకరు కూడా పడాలి. ఫాల్టు మోటారు దగ్గరయితే ట్రాన్స్‌ఫార్మర్ 0.034 ఓం, వేడెక్కిన కేబుల్ 0.03, 60 మీటర్ల 25×3 ఇనప పట్టీ సుమారు 0.11. 250 వోల్టులకి 1400 ఆంప్స్ చిల్లర. ఏసీలో ఇనుము ఇంకా అడ్డుపడుతుంది, కాబట్టి అంతకీ తక్కువే. నీ మ్యాగ్నెటిక్ 10 రెట్లంటే 1250, పైన 20 శాతం తేడా కలిపితే 1500. పడొచ్చు, పడకపోవచ్చు. పడకపోతే బ్రేకర్లో మెల్లగా పనిచేసే థర్మల్ వేడెక్కేదాకా బాడీలో కరెంటు ఉంటుంది. 25×6 అయితే పట్టీ 0.056కి దిగి, 2 కేఏ దగ్గర్లో వస్తుంది.

వైండింగ్ షాపు: ఆ మోటారుకి న్యూట్రల్ అక్కర్లేదుగా? కేబుల్లో హాఫ్ కోర్ ఖాళీగానే ఉంటుంది. 35 స్క్వేర్ అల్యూమినియం, ఫేజులో సరిగ్గా సగం. ఐఎస్ 3043 టేబుల్ ప్రకారం చూసినా 35 దాటిన ఫేజుకి సగం చాలు.

లెక్కల పంతులు: భలే చెప్పారు. పీవీసీ కేబుల్లో అల్యూమినియం కోరుకి కె 76, 31 స్క్వేర్ వస్తుంది. 35 పాస్. ఓం కూడా 25×6 పట్టీకి తీసిపోదు.

ఉప్పూ బొగ్గూ: నల్ల కోరుని ఎర్తంటారా! రేపు ఇంకొకడొచ్చి న్యూట్రలనుకుని లాగేస్తే?

వైండింగ్ షాపు: రెండు చివర్లా పచ్చ పసుపు స్లీవ్ తొడగండి. ఎలాగూ త్రీఫేజ్ మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తులుండాలి. హాఫ్ కోర్ ఒకటి, ఆ 25×3 రెండోది. కొన్నది వృథా కాదు.

ఉప్పూ బొగ్గూ: ఆ రెండూ పోయి కలిసేది గుంతలోనేగా.

లెక్కల పంతులు: ముందు కలిసేది ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కి. కరెంటు ఇనుములోంచి తిరిగొస్తుంది, మట్టిలోంచి కాదు. మట్టినే నమ్ముకుంటే గుంత 5 ఓంలున్నా 50 ఆంప్సే. 125 ఎంసీసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

గుంటూరు ఫిట్టర్: సరే అన్నా, హాఫ్ కోరూ పట్టీ రెండూ వేస్తున్నా. వెల్డింగతను వచ్చాడు. థాంక్స్.

హెచ్‌టీ ఆపరేటర్: మ్యాగ్నెటిక్ 10 రెట్లేనా? డయల్ చూశావా?

హెచ్‌టీ ఆపరేటర్: ?