చైనీస్ చేత్తో రాయడం మానేసి టైపింగ్‌తో సరిపెట్టుకోవచ్చా?

లంకపిల్ల అడిగింది:

నమస్కారమండి. మాది సఖినేటిపల్లి దగ్గర ఒక లంక ఊరు. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు, నరసాపురంలో చదువుతున్నాను. రోజూ పంటు (మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే పడవ) మీద వశిష్ఠ గోదావరి దాటి వెళ్ళాలి. బాబాయ్ చెరువు దగ్గర ఏరియేటర్ పెట్టెల మీద రాతలు చూసి సరదాగా మొదలెట్టిన చైనీస్ ఇప్పుడు సరదా దాటిపోయింది. హెచ్‌ఎస్‌కే (విదేశీయులకి పెట్టే చైనీస్ పరీక్ష) రెండో లెవెల్ పుస్తకం అయిపోయి మూడోది పట్టుకున్నాను. డిగ్రీలో బీఏ చైనీస్ చేద్దామని ఉంది. నాన్నేమో ఈఏపీసెట్ ర్యాంకు ఎంతొస్తే అంతకి భీమవరంలో బీటెక్ చేర్పించేస్తానంటున్నారు. ఆ గొడవ ఇక్కడ వద్దులెండి, అది మా ఇంట్లో రోజూ ఉండేదే.

నా సమస్య రాతతో. చదరాల లెక్కల పుస్తకం కొనుక్కుని రాత్రిళ్ళు చైనీస్‌లో డైరీ రాస్తున్నాను. ఐదారు వాక్యాలే. కానీ ఒక్కో అక్షరం ఏ గీత ముందో ఏది వెనకో చూసుకుంటూ రాసేసరికి గంట పైనే అవుతోంది. ఇంటర్ పరీక్షలు నెత్తి మీదున్నాయి, సీయూఈటీకి (సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకి పెట్టే పరీక్ష) చదివేది ఏమీ సాగట్లేదు. ఆన్‌లైన్లో చెప్పే మేడమ్ "చైనాలో కుర్రాళ్ళే చేత్తో రాయడం మర్చిపోతున్నారు, నీకెందుకీ తిప్పలు, పిన్‌యిన్‌లో టైప్ చెయ్యి" అంటున్నారు. పిన్‌యిన్ అంటే చైనీస్ ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం. టైప్ చేస్తే నిజంగానే పది నిమిషాల్లో అయిపోతోంది. కానీ అందులోనూ పేచీ ఉంది. అమ్మ గురించి రాస్తుంటే "థా" అని కొట్టగానే ఫోను మగవాళ్ళకి వాడే అక్షరం పెట్టేసింది. పలకడానికి ఆడైనా మగైనా "థా"యే కదా. రాతలోనేమో ఎడం పక్క మనిషి గుర్తుంటే అతను, ఆడమనిషి గుర్తుంటే ఆమె. చేత్తో రాస్తే అలా జరగదు.

ఇంకోటి. ఏం రాసినా "ఈరోజు ఎండగా ఉంది. నేను కాలేజీకి వెళ్ళాను. అన్నం తిన్నాను. చాలా సంతోషంగా ఉంది" అనే వస్తోంది. పుస్తకంలో టాక్సీ, టీ, సూపర్‌మార్కెట్ ఉన్నాయి గానీ కొబ్బరిచెట్టు లేదు, రేవు లేదు. నాకొచ్చిన మాటలతో మా ఊరు రాయలేకపోతున్నాను. చేతిరాత ఉంచాలా, వదిలేయాలా? డైరీ సంగతేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

భీమవరం_ఎగుమతి జవాబు:

వదిలెయ్ అమ్మాయ్. నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూస్తాను. అమెరికా వాళ్ళకి వొలిచి, శుభ్రం చేసి పంపాలి. చైనా వాళ్ళకి తలకాయతో ఉన్నదే కావాలి. కాబట్టి వాళ్ళతో రోజంతా వీచాట్‌లో (చైనా వాళ్ళ వాట్సాప్ లాంటిది) పనే. సరుకు ఏ కౌంటు (అంటే కేజీకి ఎన్ని రొయ్యలు), పెట్టెకి ఎన్ని కేజీలు, గ్లేజింగ్ (పైన ఐసు పూత) ఎంత, కంటెయినర్ ఎప్పుడు కదిలింది, అంతా టైపింగే. సగం మంది అది కూడా చెయ్యరు, వాయిస్ మెసేజ్ పడేస్తారు. అందులో అంకెలు పట్టుకోగలిగినవాడే మొనగాడు. నాలుగు, పది రెండూ మనకి ఒకేలా వినిపిస్తాయి. "స్స్" అంటే నాలుగు, నాలుక మడిచి "ష్షు" అంటే పది. కొందరు రెండింటినీ "స్స్" అనే లాగించేస్తారు, అప్పుడు రాగాన్ని, అంటే గొంతు ఎత్తే, దించే తీరుని బట్టి పోల్చుకోవాలి. నలభై కౌంటో పద్నాలుగో తేల్చుకోలేక నీరసం వస్తుంది. ఆ గంట చెవికి పెట్టు.

పరీక్ష సంగతికొస్తే హెచ్‌ఎస్‌కే ఒకటి, రెండు లెవెల్స్‌లో రాత విభాగం లేదు, ప్రశ్నల కింద పిన్‌యిన్ కూడా ఇస్తారు. మూడు నుంచి రాత వస్తుంది, పిన్‌యిన్ పోతుంది. అయినా కంప్యూటర్ మీద రాసే పరీక్ష తీసుకుంటే అక్కడా కీబోర్డే. మూడో లెవెల్లో మూడొందలకి నూట ఎనభై వస్తే పాస్. చేతిరాతకి ప్రత్యేకం మార్కులు లేవు.

అమలాపురం_టు_జేఎన్‌యూ జవాబు:

పైన అన్న చెప్పింది ఉద్యోగానికి నిజం. కాలేజీకి కాదు. నేను ఇక్కడ ఢిల్లీ జేఎన్‌యూలో బీఏ చైనీస్ చదువుతున్నాను చెల్లీ. మా క్లాసులో డిక్టేషన్ ఉంటుంది, పెన్నూ కాగితమూ పట్టుకునే రాయాలి. ఇంటర్నల్స్ కూడా అంతే. ఫోన్లో ఎంత వేగంగా కొట్టేవాడైనా ఆ కాగితం ముందు బిక్కమొహం వేస్తాడు. కాబట్టి చెయ్యి పూర్తిగా వదలకు. కానీ అన్నిటికీ చెయ్యి పెట్టకు కూడా.

నువ్వు చెయ్యాల్సింది ఇది. డైరీ ముందు టైప్ చేసుకో. అందులోంచి ఆ రోజు కొత్తగా వాడిన మాటలు, మహా అయితే ఐదు, అవి మాత్రం చదరాల పుస్తకంలో చేత్తో రాయి. మిగతావి కంటితో గుర్తుపడితే చాలు. గీతల వరస ప్రతి అక్షరానికీ విడిగా వెతుక్కోనక్కర్లేదు. పైనుంచి కిందకి, ఎడం నుంచి కుడికి, అడ్డగీత తర్వాత నిలువుగీత, పెట్టె లోపలిది నింపాక అడుగు మూత. ఈ నాలుగూ వస్తే చాలావరకు నడిచిపోతుంది. అక్షరాన్ని గీతలుగా కాకుండా ముక్కలుగా చూడు. కొబ్బరి అక్షరం పన్నెండు గీతలని భయపడతావు గానీ ఎడం పక్క చెట్టు, మధ్యలో చెవి, కుడివైపు జెండాలాంటి చిన్న ముక్క. మూడే మూడు. రొయ్యకి ఎడం పక్క పురుగు గుర్తు, కుడివైపు "కింద" అనే మాట. "కింద"ని "శ్యా" అంటారు, రొయ్యా "శ్యా"నే, రాగం ఒక్కటే తేడా. ఆ పక్క శబ్దం కోసం పెట్టారన్నమాట. 1716లో అచ్చయిన ఖాంగ్‌షీ నిఘంటువులో ఇలాంటి మూల గుర్తులు 214. అన్నీ బట్టీ పట్టకు. నీళ్ళు, చెట్టు, మనిషి, నోరు, చెయ్యి, పురుగు, గడ్డి, మాట, ఇవి పట్టుకుంటే మన ఊళ్ళో సగం వస్తువులు దొరుకుతాయి.

చెయ్యి అవసరమైన చోటు ఇంకోటుంది. కొన్ని అక్షరాల మధ్య తేడా ఒక్క గీత పొడుగే. మట్టికి అడుగు గీత పొడుగు, పండితుడికి పై గీత పొడుగు. కంటికి రెండూ ఒకటే, రాసినప్పుడు చేతికి తెలుస్తుంది. అలాంటి జంటలు కనిపిస్తే మాత్రం కూర్చుని రాయి.

టైపింగ్‌ని చులకనగా చూడకు. పిన్‌యిన్ తప్పు కొడితే నీకు కావాల్సిన అక్షరం జాబితాలోకే రాదు, అంటే నీ ఉచ్చారణని అది రోజూ దిద్దుతుంది. ఉత్తరాది స్నేహితులు ఇక్కడ గింజుకుంటుంటే మనకి ఒక వెసులుబాటు ఉంది. పిన్‌యిన్‌లో జెడ్ అని రాసేది మనం చలి, చాప అన్నప్పుడు పలికే చకారం. జె అని రాసేది చీమలో చకారం. మా అమ్మమ్మ ఈ రెండూ ఎప్పుడూ కలపదు, ఆవిడకి పిన్‌యిన్ నేర్పితే నాకంటే బాగా పలికేది. బి అని రాసినా నోట్లో వచ్చేది ప, పి అని రాస్తే ఆ పకే గట్టిగా ఊపిరి. డి, టి, జి, కె కూడా ఇదే దారి. ఇంగ్లీషు చదివినట్టు చదివితే మొదటి నెలలోనే చెడిపోతుంది.

అసలు ముఖ్యమైనది. బీఏ మొదటి ఏడు సీటుకి చైనీస్ వచ్చి ఉండాలన్న నియమం లేదు, ఇక్కడ మొదటి రోజు నుంచి ఓనమాలతోనే మొదలెడతారు. సీటు ఇచ్చేది సీయూఈటీ స్కోరు. జేఎన్‌యూ 2022 నుంచి ఆ దారిలోనే తీసుకుంటోంది. శాంతినికేతన్‌లో చీనా భవన కూడా చూడు, 1937లో ఠాగూర్ ఉండగా మొదలైంది, విశ్వభారతిలో ఉంది, అక్కడా చైనీస్ డిగ్రీ ఉంది. ఏ కోర్సుకి ఏ పేపర్లు రాయాలో వాళ్ళ నోటిఫికేషన్‌లో ఈ ఏడాదిది చూసుకో, పాత వీడియోలు నమ్మకు. డైరీకి అరగంట దాటనివ్వకు. ఇప్పుడు అంతకంటే ఇస్తే నీ చైనీస్‌కే నష్టం.

లాంగ్‌కోట్ జవాబు:

చైనాలో ఎంబీబీఎస్ చేసినవాణ్ణి. మా కాలేజీలో హెచ్‌ఎస్‌కే నాలుగు పాసవ్వకపోతే వార్డుకి పంపేవారు కాదు. అది పాసై వెళితే అక్కడి ముసలివాళ్ళు మాట్లాడేది ఆ ఊరి యాస, ఒక్క ముక్క అర్థం కాలేదు. డాక్టర్ల చేతిరాత అయితే మన ప్రిస్క్రిప్షన్లకి అన్నగారు. చదరాల్లో పొందిగ్గా రాసే అక్షరానికీ దానికీ చుట్టరికం కూడా కనపడదు. నా మటుకు నేను చేతిరాతకి ఓటెయ్యను. వినడం, మాట్లాడటం.

కోనసీమ_మాష్టారు జవాబు:

నాకు చైనీస్ రాదమ్మా. తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి. నీ రెండో ప్రశ్నకి మాత్రం చెబుతాను, ఎవరూ దాని జోలికి పోలేదు.

"ఈరోజు"తో మొదలెట్టడం మానేయి. "సంతోషంగా ఉంది" రాయకు. అవి రాసినంతకాలం వాక్యం ఏ ఊరిదైనా కావచ్చు. పంటు ఒక్కటి పట్టుకో, వారమంతా పంటే రాయి. పంటు మీద ఏమేం ఎక్కాయి? మోటారు సైకిళ్ళు, గడ్డిమోపు, చేపల బుట్ట, స్కూలు పిల్లలు. ఎవరు ఎక్కడ నుంచున్నారు? ఇంజను ఆగాక ఎవరు ముందు దూకారు? వీటికి పెద్ద మాటలు అక్కర్లేదు. ఉంది, లేదు, వచ్చింది, నుంచుంది, చేతిలో, పక్కన, వెనక. ఇవి నీ పుస్తకంలో ఉండే ఉంటాయి. లేనిది పేరు మాత్రమే, అది నిఘంటువులో చూసుకో. తెలుగులో ముందు రాసుకుని అటు మార్చే పని పెట్టుకోకు. తెలుగులో నీకు చాలా వచ్చు, అదంతా అక్కడికి మొయ్యాలని చూస్తావు, బరువుకి పడిపోతావు. వచ్చిన మాటల్లోనే చూడు.

మా రోజుల్లో కాపీ పుస్తకం నింపకపోతే బెత్తం ఉండేది. ఇప్పుడు ఇంటర్ పిల్లలు తెలుగులోనే ఉత్తరం రాయలేకపోతున్నారు, నువ్వు చైనీస్‌లో డైరీ అంటున్నావు. కానియ్.

లంకపిల్ల:

అందరికీ థాంక్సండి. మాష్టారూ, మీరు చెప్పినట్టు పంటు రాశాను. ఇదీ దాని భావం: "నేను రోజూ పంటెక్కాను. పంటు మీద ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన చేతిలో రెండు కొబ్బరిమొక్కలు. మొక్కల వెనక ఒక కుక్క. కుక్క దగ్గర టికెట్ లేదు. నది పెద్దది. కుక్క నదిని చూడదు, ముసలాయనని చూస్తుంది." కుక్క మాట మా మొదటి పుస్తకంలోనే ఉందండి, దాన్ని వాడొచ్చని తోచలేదు. టైప్ చేసి, కొత్తవి మాత్రం చేత్తో రాశాను, మొత్తం అరగంటలోపే అయింది. మేడమ్‌కి పంపితే "బాగుంది" అని బొటనవేలు పెట్టారు, ఏమీ దిద్దలేదు. అన్నయ్యా, తప్పులుంటే చెప్తారా? చైనీస్‌ది మీకు విడిగా పంపాను.

భీమవరం_ఎగుమతి:

కుక్కకి టికెట్ లేదా, ఆయ్! బాగుందమ్మాయ్. నేనన్నది నేను వెనక్కి తీసుకోను గానీ, ఇలాంటిది వీచాట్‌లో మా కొనుగోలుదారుడికి పంపితే ఆ రోజు బేరం తేలిగ్గా తెగుద్ది.

అమలాపురం_టు_జేఎన్‌యూ:

చూశాను చెల్లీ. మూడు దిద్దాలి.

మొదటి వాక్యంలో "రోజూ" అని చెప్పి క్రియ తర్వాత, పని అయిపోయిందని చెప్పే "ల" పెట్టావు. అందుకే తెలుగులో కూడా "రోజూ పంటెక్కాను" అని వంకరగా వచ్చింది. రోజూ జరిగేదానికి ఆ "ల" రాదు, తీసెయ్. ఒకరోజు ఎక్కిన సంగతి అయితే ఉంచు, "రోజూ" తీసెయ్. జరిగిపోయింది కదా అని ప్రతి క్రియకీ "ల" తగిలించే అలవాటు మా క్లాసులో అందరికీ ఉంది, ఇప్పుడే మానుకో.

రెండోది, చైనీస్‌లో అంకెకీ వస్తువుకీ మధ్య లెక్కపెట్టే మాట ఒకటి రావాలి కదా, కుక్కకీ మొక్కకీ పంటుకీ అన్నిటికీ "గ"యే వాడావు. అర్థమవుతుంది, కానీ చదవడానికి పుల్లగా ఉంటుంది. కుక్కకి "చ్‌ర్" అనాలి, పిన్‌యిన్‌లో జెడ్ హెచ్ ఐ. పక్షికీ రొయ్యకీ అదే. చేపకీ నదికీ "థ్యావ్". ఇక్కడ కుక్కని కూడా "థ్యావ్" అనేవాళ్ళున్నారు, తప్పు కాదు. మొక్కకి "ఖ" అనాలి, చెట్టుకీ అదే. మాట నేర్చుకున్నప్పుడే లెక్కపెట్టే మాట కూడా కలిపి రాసుకో.

మూడోది పంటు. నువ్వు ఉత్త పడవ అని రాశావు. "తూ ఛ్వాన్" అని ఉంది చూడు, రేవు దాటించే పడవ. మొదటి అక్షరానికి ఎడం పక్క మూడు నీటిచుక్కలు. అది చేత్తో రాయాల్సిన జాబితాలో వేసుకో.

చివరి వాక్యం ముట్టుకోలేదు, అది సరిగ్గానే ఉంది.

సీయూఈటీ అప్లికేషన్ పెట్టావా? అడిగినదాన్లో అది ఎక్కడా లేదు. ఆఖరి రోజుల్లో సైటు మొరాయిస్తుంది, ఫోటో, సంతకం సైజు దగ్గరే గంటలు పోతాయి. ఈ వారంలో పెట్టేసి ఇక్కడ చెప్పు.